లేని వార్తకు ఖండన

మొన్న మా పాత ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా చేరిందట. "మేడం, ఖండనలు మీరు మస్తుగ రాస్తుండెటోళ్లంట గద. పాత నమూనా ఏదన్న ఉంటె వాట్సాప్‌ల పెట్టుండ్రి. పేర్లు మార్చుకొని వాడుకుంట" అంది. నవ్వు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ ఆఫీసులో నా పేరు అట్లా బతికుందన్నమాట. పంపిస్తాలే అన్నాను. కానీ నమూనా పంపే ముందు దాని వెనక కథ చెప్పకపోతే ఆ పిల్లకు అన్యాయం చేసినదాన్నవుతాను. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరు ఇంకా నౌకరీలో ఉన్నారు, కొందరు పోయారు. ఏ జిల్లా అని కూడా అడగొద్దు. నల్లగొండకూ పాలమూరుకూ నడుమ ఉన్న ఎగువ నేల అనుకోండి, చాలు.

మా అమ్మ హాలియా దిక్కు కాలువ కింది పొలాల్లో నాట్లు వేసిన మనిషి. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బురద. ఆమె బిడ్డ సర్కారు ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుని పేపర్లు కత్తిరిస్తుందంటే చివరిదాకా నమ్మలేదు. "కత్తెర పట్టినందుకు గూడ జీతమిస్తరా బిడ్డా?" అని అడిగేది.

ఇచ్చేవాళ్లు. జిల్లా ప్రజాసంబంధాల ఆఫీసులో నా పని అదే. తెల్లవారి ఆరింటికల్లా పేపర్లన్నీ ముందేసుకుని, సర్కారు పథకాల మీద వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, ఎనిమిదింటికల్లా పెద్దసారు బంగ్లాకు చేర్చాలి. పెద్దసారంటే కలెక్టరు. మెచ్చుకున్న వార్త పక్కన పచ్చ పెన్సిలుతో టిక్కు, తిట్టిన వార్త పక్కన ఎర్ర టిక్కు. ఎర్ర టిక్కు పడితే ఆ శాఖవాళ్లు సాయంత్రంలోగా జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబును ఖండనగా మార్చి మళ్లీ పేపర్లకు పంపేదీ నేనే. అంటే పొద్దున చింపడం, సాయంత్రం అతుకు వేయడం.

పేపర్లు చాలా ఉండేవి గానీ లెక్కలోకి వచ్చేవి రెండే. నేను వాటికి నవ్వే పేపరు, ఏడ్చే పేపరు అని పేర్లు పెట్టుకున్నాను. నవ్వే పేపర్లో ప్రతి అవ్వా చేతులెత్తి సర్కారును దీవించేది. ఏడ్చే పేపర్లో ప్రతి అవ్వా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఒకసారి రెండింట్లోనూ ఒకే రోజు ఒకే అవ్వ కనిపించింది, అదే చీరలో. రేషన్ బియ్యం ఒకరికి మల్లెపూలు, ఇంకొకరికి పురుగుల పుట్ట. టీవీ చానళ్లదీ అదే వరస, కాకపోతే వాటికి గొంతు పెద్దది. తర్వాత సర్కారు మారినప్పుడు నవ్వేది ఏడ్వడం, ఏడ్చేది నవ్వడం కూడా చూశాను. ఒక్క రాత్రిలో మొహాలు మార్చుకున్నాయి, సిగ్గుపడినట్టు కూడా అనిపించలేదు.

వాళ్లను అని నేను మంచిదాన్నని చెప్పుకోను. "సదరు వార్త పూర్తిగా వాస్తవ విరుద్ధం" అని మొదలుపెడితే నా కలం ఆగేది కాదు. ఏ శాఖదైనా సరే, పది నిమిషాల్లో ఖండన తయారు. మా ఆఫీసరు సారు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "మా మేడం చేతుల పడ్డంక నిప్పైనా సల్లారాలె" అనేవాడు. నేను మురిసిపోయేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు. ఎంత తిట్టినా ఆ వెనకే చాయ్ తెప్పించేవాడు.

మా దగ్గర ఇంకో ఆచారం ఉండేది. మీ కాలంలో ఉందో లేదో తెలియదు. తిట్టే వార్త రాబోతున్నదని ముందు రోజే మాకు తెలిసిపోయేది. ఏడ్చే పేపరు మండల విలేకరి ఒకతను స్వయంగా ఫోన్ చేసి చెప్పేవాడు. అతనికి జీతం నామమాత్రం. బస్సు పాసుకు మా ఆఫీసు ఇచ్చే కార్డు కావాలి. పైగా మనిషికి మొహమాటం ఎక్కువ. "మేడం, రేపు మీ మీద పడ్తది, ఏమనుకోవద్దు" అనేవాడు. మేం ఆ సాయంత్రమే ఖండన రాసి అన్ని పేపర్లకూ పంపేవాళ్లం. తెల్లవారితే ఏడ్చే పేపర్లో వార్త, నవ్వే పేపర్లో దానికి ఖండన, రెండూ ఒకే పొద్దున ఊళ్లోకి వచ్చేవి. చదివినవాళ్లు ఆఫీసు ఎంత చురుకో అనుకునేవాళ్లు.

ఇక అసలు సంగతి. ఏడ్చే పేపర్లో ఒకరోజు పెద్ద వార్త వచ్చింది. పింఛను తీసుకునేవాళ్ల వేలిముద్ర మిషన్ మీద పడకపోతే, వాళ్ల బదులు పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పించే వెసులుబాటు ఉండేది. ఆ వెసులుబాటును అడ్డం పెట్టుకుని కొందరు కార్యదర్శులు పింఛన్లు మింగుతున్నారని వార్త. అది ఎక్కడో ఒకటి రెండు చోట్ల నిజమే కావచ్చు. నేను ఎర్ర పెన్సిలు అరిగేలా గట్టిగా టిక్కు పెట్టి ఫైలులో అన్నింటికన్నా పైన పెట్టాను. మూడో రోజుకల్లా మెమో వెళ్లింది: రాతపూర్వక అనుమతి లేకుండా ఏ కార్యదర్శీ ఎవరి బదులూ వేలు పెట్టకూడదు. నవ్వే పేపరు "అక్రమాలపై సర్కారు కొరడా" అని రాసింది. దానికి పచ్చ టిక్కు పెట్టి, ఆ రోజు ఇంటికెళ్తూ జిలేబీ కొనుక్కున్నాను. పని చేసిన తృప్తి.

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆ విలేకరి ఫోన్ చేశాడు.

"మేడం, రేపు ఒకటి పడ్తాంది. ఒక ఊర్ల అవ్వకు పింఛను ఆగింది. పార్టీ కచ్చ తోటి ఆపిండ్రని రాసిన."

"నిజంగ పార్టీ కచ్చేనా?"

"గది నాకేమెరుక మేడం. పింఛనైతె ఆగింది. కచ్చ అని పెట్టకపోతె మావోళ్లు ఐటెం తీసుకోరు."

సారుకు చెప్పాను. సారు మండల ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లు కంప్యూటర్ చూసి చెప్పారు: పింఛను ప్రతి నెలా విడుదలైంది, మనిషే వచ్చి తీసుకోలేదు, వరసగా మూడు నెలలు తీసుకోకపోతే జాబితాలోంచి పేరు దానంతటదే పోతుంది. సారు ఫోన్ పెట్టేసి నా దిక్కు చూశాడు. "గింకేం గావాలె? విడుదలైంది. కొట్టు."

కొట్టాను. "అధికారుల బృందం గ్రామాన్ని సందర్శించి విచారించగా, సదరు లబ్ధిదారుకు పింఛను క్రమం తప్పకుండా విడుదలవుతున్నట్టు తేలింది." ఎవరూ సందర్శించలేదు. ఆ ఊరు ఏ రోడ్డు మీద ఉందో కూడా నాకు తెలియదు. ఆ వాక్యం నా కీబోర్డులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, ఊరి పేరు మారిస్తే సరిపోయేది. ఇదిగో అమ్మాయీ, నువ్వు అడిగిన నమూనా అదే.

తెల్లవారి పేపర్లు తిరగేస్తే నవ్వే పేపర్లో మా ఖండన ఉంది. ఏడ్చే పేపర్లో వార్త లేదు. మళ్లీ చూశాను. అటెండరు తాతను కూడా చూడమన్నాను. ఆ రోజు జిల్లా పేజీ నిండా ఎవరో నాయకుడి పుట్టినరోజు ప్రకటనలు పడ్డాయి, అవ్వ వార్తకు జాగా దొరకలేదు. అంటే ఎవరూ చేయని ఆరోపణను, ఊరి పేరుతో సహా, మేమే ఊరంతా చాటి ఖండించామన్నమాట.

అటెండరు తాత నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "పెండ్లి గాకముందే ఇడుపుకాయితం రాసినట్లున్నది మేడం" అన్నాడు.

సారుకు నవ్వు రాలేదు. తొమ్మిదింటికల్లా రెండు చానళ్లవాళ్లు ఆ ఊరు ఎక్కడని ఫోన్లు మొదలుపెట్టారు. ఆయన ఒక కాగితం రాసి, ఇంకు ప్యాడుతో సహా నా చేతిలో పెట్టాడు. "జీబు తీస్కొని నువ్వు ముందుగాల పో. పింఛను వస్తాందని ఆమెతోటి గీ కాయితం మీద ఏలుముద్ర ఏపిచ్చుకొని రా. ఏలుముద్ర ఒక్కటి పడితె మనం బతికినట్లే."

ఆ ఊరు ఫ్లోరైడు నీళ్ల ఊరు. ఒక తరం మొత్తానికి ఎముకలు వంకరపోయిన ఊళ్లలో ఒకటి. మంచినీళ్లు తర్వాత వచ్చాయి గానీ వంగిన నడుములను అవి లేపలేవు కదా. అవ్వ ఇల్లు ఊరి చివర, రేకుల ఇల్లు. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బిడ్డను ఎక్కడో దూరపు ఊరికి ఇచ్చి పెళ్లి చేసింది, ఇంట్లో ఒక్కతే. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"నొప్పుల గోలీలు ఐపోయి నాలుగు నెలలాయె బిడ్డా. గవి మింగితెనే ఇంత లేసి నడుస్త. పక్కింటోళ్లు బువ్వ పెడ్తాండ్రు, గోలీలు గూడ కొనియ్యమంటె బాగుండదు గద" అంది.

ఓదార్పు మాటలు ఏవో అంటూ ఇంకు ప్యాడు తెరిచాను. చెయ్యి ఇవ్వమన్నాను. ఇచ్చింది. ఐదు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు వాటి కింద. నేను దాన్ని బయటికి తీయబోయాను.

"మెల్లగ బిడ్డా, మెల్లగ. గది రాదు."

రాలేదు. రెండో చెయ్యీ అంతే. ఆ చెయ్యి పట్టుకునే అడిగితే సంగతంతా చెప్పింది. పార్టీ లేదు, కచ్చ లేదు, పింఛనుకు రాకపోవడమూ లేదు. ప్రతి నెలా ఎవరో సైకిలు మీద ఎక్కించుకుపోతే మిషన్ ముందు కూర్చుని, వేలు పడక తిరిగి వచ్చింది. కంప్యూటర్‌కు అది "రాలేదు" అని కనిపించింది.

అంతలో పంచాయతీ కార్యదర్శి వచ్చింది. ఆడపిల్ల, కొత్త ఉద్యోగం. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "నీ వేలు పెట్టి ఇప్పించరాదా? నీకు మనసెట్ల ఒప్పింది?"

ఆమె ఏడవలేదు, తలా దించలేదు. బ్యాగులోంచి మెమో తీసి నా ముందు పెట్టింది. "ముందుగాల ఇప్పిస్తుంటి మేడం. ఇగో, గిది వచ్చినంక బందు పెట్టిన. అనుమతి కోసం రెండు మార్లు రాసిన, జవాబు లేదు. పేపర్ల మమ్ముల దొంగలని రాసిండ్రు, పైనుంచి మెమో ఇచ్చిండ్రు. నేను ఏలు పెడితె నా నౌకరి పోదా? గప్పుడు మీరొచ్చి నా తరఫున ఖండన రాస్తరా?"

ఆ మెమో పై వరసలో "పత్రికలో వచ్చిన వార్తాంశం దృష్ట్యా" అని ఉంది. ఆ వార్త తేదీ నాకు గుర్తే. నేను పెన్సిలు అరగదీసిన వార్త అది. జిలేబీ తిన్న రోజు కూడా గుర్తొచ్చింది.

బయట బండ్ల చప్పుడు. రెండు చానళ్లూ వచ్చేశాయి. గుమ్మంలో రెండు మైకులు, రెండు కెమెరాలు, ఇద్దరు విలేకరులు ఒకరినొకరు తోసుకుంటున్నారు. "అవ్వా, పింఛను వస్తుందా రాదా? ఒక్క మాటల చెప్పు" అని ఒకతను. "పైసలు ఎవరు ఆపిండ్రు? పేరు చెప్పు, భయపడకు" అని ఇంకొకతను. ఆమె నీళ్లు అడిగింది. ఎవరూ ఇవ్వలేదు. నేను లేచి కుండలోంచి ముంచి తాగించాను. తాగి, రెండు మైకుల దిక్కూ చూసి చెప్పింది.

"వస్తది బిడ్డా. నాకు అందదు."

చెప్పి, ముడుచుకున్న రెండు చేతులూ ఎత్తి చూపించింది. అంతకన్నా సాఫుగా ఎవరు చెప్పగలరు?

సాయంత్రం ఆఫీసుకు వచ్చేసరికి గోడ మీది రెండు టీవీలూ మోగుతున్నాయి. ఒకదాంట్లో అవ్వ "వస్తది బిడ్డా" అంటున్నది, కింద "ప్రతిపక్షం కట్టుకథ బట్టబయలు" అని స్క్రోలింగ్. రెండోదాంట్లో అదే అవ్వ "నాకు అందదు" అంటున్నది, కింద "అవ్వ నోటికాడి ముద్ద లాక్కున్నారు" అని స్క్రోలింగ్. ఒక్క వాక్యాన్ని మధ్యకు చీల్చి చెరో ముక్క పంచుకున్నారు. రెండింట్లోనూ ముఖమే ఉంది, చేతులు లేవు. స్టూడియోలో పెద్దమనుషులు మాత్రం వేళ్లు చూపించుకుంటూ కొట్లాడుతున్నారు.

సారు ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. "ఏలుముద్ర పడకపోతె పోయింది. ఆమె నోటితోటే వస్తదన్నది గద. గా ముక్క పట్టుకొని పక్కా రిజాయిండర్, ఇంకో ఖండన కొట్టు."

"నేను రాయ సార్."

"ఏందీ?"

"ఆమె చెయ్యి పట్టుకొని చూసిన. నేను రాయ. పోకుంటనే పోయినమని రాసింది గూడ నేనే. గది గూడ ఒప్పుకోవాలె."

సారు ఈసారి చాయ్ తెప్పించలేదు. "చూడమ్మా, నీకు సర్వీసు ఇంకొన్నేండ్లే ఉన్నది. గీ ఒక్కటి మింగితె ఇజ్జత్‌తోటి ఇంటికి పోతవు. నువ్వు రాయకపోతె నేను రాసుకుంట, గంతే గద."

"రాసుకోండ్రి సార్. పొద్దుగాల ఫైలు మాత్రం నేనే పెడ్త."

ఆయనకు నా మాట అర్థం కాలేదనుకుంటాను. అర్థమైతే ఆ రాత్రే ఫైలుకు తాళం వేసేవాడు.

తెల్లవారి ఆరింటికి కత్తెర పట్టుకున్నాను. అంతకుముందు ఎన్నడూ అంత నెమ్మదిగా కత్తిరించలేదు. పెద్ద తెల్లకాగితం ఒకటి తీసుకున్నాను. అన్నింటికన్నా పైన నా ఎర్ర టిక్కు ఉన్న పాత వార్త. దాని కింద మెమో నకలు. దాని కింద ఎవరూ సందర్శించని ఊరి మీద నేను రాసిన ఖండన. దాని కింద ఆ రోజు రెండు పేపర్లలో వచ్చిన వార్తలు, పక్కపక్కన. అట్టడుగున నా చేత్తో అవ్వ మాట మొత్తం రాశాను. ఇంకో మూడు వాక్యాలు చేర్చాను: "ఈమె వేళ్లు విప్పడానికి రావు. గ్రామాన్ని ఎవరూ సందర్శించలేదు. సందర్శించారని రాసింది నేనే." సంతకం పెట్టాను. ఏ రంగు టిక్కూ పెట్టలేదు.

ఫైలు రోజూ అటెండరు తాత తీసుకెళ్లేవాడు. ఆ రోజు నేనే ఆటో ఎక్కాను. తాత గేటు దాకా వచ్చి, "మేడం, పైలంగ పోయి రాండ్రి" అన్నాడు. నవ్వలేదు.

పెద్దసారు వరండాలో నిలబడే ఫైలు తెరిచాడు. మొదటి కాగితం రెండుసార్లు చదివాడు. "ఆ చేతులు మీరు చూశారా?" అని అడిగాడు.

"పట్టుకొని చూసిన సార్."

వెళ్లమన్నట్టు తల ఊపాడు. నాకు ఆకలి బ్రహ్మాండంగా వేసింది. బంగ్లా ఎదుటి బండి దగ్గర నిలబడి నాలుగు ఇడ్లీలు తిన్నాను.

వారం తిరగకముందే కొత్త ఉత్తర్వు వచ్చింది. చేతులు అట్లా ఉన్నవాళ్ల విషయంలో ఇద్దరు సాక్షుల ముందు కార్యదర్శి వేలు పెట్టవచ్చు. అవ్వ పేరు మళ్లీ జాబితాకెక్కడానికి ఇంకో నెల పట్టింది. ఏడ్చే పేపరు "మా వార్తకు స్పందన" అని పెద్ద అక్షరాలతో వేసుకుంది. నవ్వే పేపరు "అవ్వకు అండగా సర్కారు" అని ఫొటోతో సహా వేసుకుంది. వేళ్ల గురించి ఇద్దరూ ఒక్క ముక్క రాయలేదు. నవ్వుకుంటూనే రెండూ కత్తిరించి ఫైలులో పెట్టాను. ఆ ఆఫీసులో నా చివరి కత్తిరింపులు అవే, అప్పటికే పాలమూరు బదిలీ కాగితం నా చేతికొచ్చింది.

వెళ్లేముందు ఒకసారి అవ్వను చూసి వచ్చాను. గోలీల డబ్బా పక్కన పెట్టుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉంది. "పేపర్ల నా బొమ్మ వచ్చిందంట గద బిడ్డా. అండ్ల నేను నవ్వుతాన్ననా, ఏడుస్తాన్ననా?" అని అడిగింది.

"రెండు పేపర్లవ్వా. ఒకదాంట్ల నవ్వుతున్నవు, ఒకదాంట్ల ఏడుస్తున్నవు."

"రెండు అబద్ధమే. నాకు గా దినం దూప అయితుండె, నీళ్లకు సూస్తున్న, గంతే" అంది.

బదిలీతోపాటు నాకో మెమో కూడా ఇచ్చారు. క్షేత్ర పరిశీలన జరపకుండానే జరిపినట్టు తప్పుడు సమాచారం పత్రికలకు విడుదల చేశారు, మీ సంజాయిషీ ఏమిటి అని. తోటివాళ్లందరూ చుట్టూ చేరారు. సారు చెప్తే రాశానని రాయమన్నాడొకడు. మండలంవాళ్ల మీదకు తొయ్యమంది ఒకామె. కంప్యూటర్ తప్పు అనమన్నాడు ఇంకొకడు. ఖండించడం నాకు చేతకాదా? పది నిమిషాల పని. నేను మాత్రం ఒక్క వాక్యం రాసి పంపాను. ఇంక్రిమెంటు ఒకటి ఆపారు, ఆపుకోనీ అనుకున్నాను.

కాబట్టి అమ్మాయీ, నువ్వు అడిగిన పాత నమూనా పంపడం లేదు. దాని బదులు ఆ సంజాయిషీ నకలు ఫొటో తీసి పంపిస్తున్నాను. "ఆరోపణ నిజం. వెళ్లకుండానే వెళ్లామని రాశాను." ఉద్యోగం పొడుగునా లెక్కలేనన్ని ఖండనలు రాశాను. నా మీద వచ్చిన ఆరోపణ ఇదొక్కటే, దీన్ని మాత్రం ఖండించలేదు.